గజం ముక్క తక్కువైన పాట

మొన్న ఆదివారం పొద్దున్నే మా శిష్యురాలు నా తప్పు పట్టుకుంది. పద్నాలుగేళ్ళ పిల్ల. ఫిడేలు పట్టుకోవడం వచ్చి నాలుగేళ్ళు కూడా కాలేదు. నేనేమో అరవై దాటి చాలా దూరం వచ్చేశాను. కచేరీల్లో కూర్చునీ కూర్చునీ మోకాళ్ళు అరిగిపోయాయి, ఎడమ భుజం కాస్త కిందికి దిగింది. అయినా తప్పు తప్పే కదా.

నాకో అలవాటుంది. శ్రుతి చేసుకోగానే చెయ్యి వెచ్చబడడానికి వర్ణమో, సరళీ వరసలో వాయించాల్సింది పోయి ఒక పాత సినిమా పాట వాయిస్తాను. ఆ సినిమా పేరు చెప్పినా ఇప్పుడెవరికీ తెలియదు. మా ఊళ్ళో వంద రోజులు ఆడింది గానీ ఆ పాట మాత్రం పెద్దగా పైకి రాలేదు. రేడియోలో వేసేవాళ్ళు కాదు, పెళ్ళిళ్ళలో మైకులవాళ్ళు పెట్టేవాళ్ళు కాదు. పాటకంటే ఆ పాటలో చీర ఎక్కువ ఆడింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

పిల్ల వచ్చి చాప మీద కూర్చుని, ఫిడేలు పెట్టె తెరవకుండా ఫోను పట్టుకుని నా వంక చూసింది.

"టీచరుగారూ, ఒక మాట చెబుతాను, కోప్పడరు కదండీ?"

"కోప్పడతాను. చెప్పు."

"మీరు రోజూ వాయించే పాట దొరికిందండీ. ఎవరో సినిమా మొత్తం పెట్టారు. మొదటి చరణానికి ముందు వచ్చే మ్యూజిక్‌లో మీరొక ముక్క ఎగరగొట్టేస్తున్నారండీ. ఎంతో కాదు, రెండు సెకన్లు. వినిపించమంటారా?"

వద్దన్నాను. ఫోను బోర్లా పెట్టించి, జంట వరసలు మూడు కాలాల్లోనూ వాయించమని చెప్పి వంటింట్లోకి వెళ్ళాను. కాఫీ కోసం పాలు పెట్టాను కానీ స్టవ్ వెలిగించడం మరిచిపోయి గిన్నె వంక చూస్తూ నిలబడ్డాను. మా ఆయన మృదంగం వాయించేవారు. ముప్పయ్యేళ్ళు ఆ పాట ఆయన చెవి పక్కనే వాయించాను. ఆయన కూడా పట్టుకోలేదు. ఎలా పట్టుకుంటారు? తాళం ఎక్కడా తప్పదు మరి. తాళం తప్పకుండా ఆ ముక్క కోసిన మనిషి అలాంటివాడు.

నా చిన్నప్పుడు మా ఇల్లు బెజవాడ గవర్నర్‌పేటలో ఒక సినిమా హాలు వెనక సందులో ఉండేది. ఇప్పుడా హాలూ లేదు, ఆ సందూ లేదు. మొత్తం కలిపి సెల్‌ఫోన్ల షాపుల కాంప్లెక్సు కట్టారు. హాలు గోడకీ మా పెరటి గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత జాగా ఉండేది. ఎండాకాలం హాలు వెనక తలుపులు తీసేసి తడి గోనెపట్టాలు వేలాడదీసేవాళ్ళు. ఇక సినిమా అంతా మా పెరట్లోనే, బొమ్మ తప్ప. బజ్జీల నూనె వాసన, బీడీ పొగ, వేయించిన వేరుశెనక్కాయల వాసన గోడ దాటి వచ్చేవి. మా ఇంట్లోనుంచి వాళ్ళకి వెళ్ళే వాసన ఒక్కటే, గంజి పెట్టిన కొత్త నూలుబట్టది. నాన్నది చేనేత చీరల టోకు వ్యాపారం. ముందు గదినిండా బేళ్ళు ఉండేవి. వాటి మీదెక్కి పడుకునేవాళ్ళం.

అమ్మకి గడియారంతో పనే లేదు. ఫస్టు షోలో పేర్లు పడేటప్పటి సంగీతం వినబడగానే బియ్యం కడిగేది. మొదటి పాటకి ఎసట్లో పోసేది. హాస్యనటుడి గొంతు వినబడి జనం నవ్వేసరికి గంజి వార్చేది. సందులో అందరి వంటా అంతే. అందుకే సినిమా మారిన వారం మా సందు సందంతా అన్నం ముద్దయ్యేది. కొత్త సినిమాలో మొదటి పాట ఎక్కడొస్తుందో, హాస్యం ఎక్కడొస్తుందో తెలిసేదాకా రెండు మూడు రోజులు మగవాళ్ళు సణుక్కుంటూ తినేవాళ్ళు.

నాయనమ్మ ఇంకో రకం. పెరట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతూ సినిమా వినేది. ఆవిడ పుట్టిల్లు మంగళగిరి. అక్కడ ఆవిడ తమ్ముడింట్లో నాలుగు మగ్గాలు ఉండేవి. మేం బట్టలు అమ్మే వాళ్ళమయ్యాం గానీ ఆవిడ చేతులు మాత్రం నేత వదల్లేదు. గొంతు విని మనుషుల్ని తేల్చేసేది. తండ్రి దగ్గాడంటే ఇంటర్వెల్ దాటడని, నెమ్మదిగా మాట్లాడే బావమరిదిని నమ్మకూడదని ముందే చెప్పేది. ఒక్కోసారి మేం నిజంగా టిక్కెట్టు కొనుక్కుని వెళితే, ఆవిడ మంచివాడని తేల్చినవాడు దొంగ అని బొమ్మ చూశాక తెలిసేది. అప్పుడు వాడి మీద కాకుండా సినిమా తీసినవాడి మీద కోపం వచ్చేది ఆవిడకి. ఆ మొహానికి ఆ గొంతేమిటి అని దారిపొడుగునా తిట్టేది.

నా ఫిడేలు సంగతి చెప్పాలి. అది నాది కాదు, మా మేష్టారిది. నా చెవి బాగుందని, కొనుక్కునేదాకా వాడుకోమని ఇచ్చారు. ఆయనకి సినిమా పాటంటే మంట. తన ఫిడేలు మీద ఆ పాటలు పలక్కూడదని షరతు పెట్టారు. నాన్న అంతకంటే ఎక్కువ భయపడ్డాడు. హాలు వెనక ఇల్లు, ఆడపిల్ల, చేతిలో ఫిడేలు. నలుగురూ ఏమంటారో అని ఆయన బెంగ. "సినిమా పాట ఒక్కటి వినబడిందా, ఫిడేలు ఆ రోజే వెనక్కిచ్చేస్తా" అన్నాడు. నాన్న ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. అందుకే ఆ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. నాన్న దుకాణానికి వెళ్ళాక, మ్యాటినీ హోరులో కలిపేసి వాయించుకునేదాన్ని. ఫిడేలంటే నాకంత పిచ్చి. అన్నం లేకపోయినా ఉంటాను గానీ అది లేకుండా ఉండలేననుకునేదాన్ని.

మా పెరట్లో ఒక గది ఉండేది. అందులో ఆ హాలు ఆపరేటరు అద్దెకుండేవాడు. నేను బాబాయి అనేదాన్ని, ఆయన నన్ను అమ్మడూ అనేవాడు. భార్య పురిటికని కొండపల్లిలో పుట్టింటికి వెళ్ళింది. పిల్లాడు పుట్టి మూడో నెల వచ్చాక ఇద్దర్నీ తెచ్చుకోవాలని, గదికి సున్నం వేయించుకుని, ఊయలకి దూలానికి కొక్కెం కూడా బిగించుకున్నాడు.

ఆదివారం పొద్దున్న ఆటలుండవు. బాబాయి రీళ్ళు సరిచూసుకుంటూంటే నన్ను ఇనప మెట్లెక్కి క్యాబిన్లోకి రానిచ్చేవాడు. చిన్న గది, కొలిమిలా వేడి. తెగిన ఫిల్ముని ఎలా అతికించాలో చూపించేవాడు. బ్లేడుతో అంచు గీకి, సీసాలోంచి ఒక చుక్క ద్రావకం రాసి, రెండో ముక్క పైన పెట్టి బొటనవేలితో నొక్కి పది లెక్కపెట్టేవాడు. ఆ ద్రావకం మాగిన అరటిపండు వాసన వేసేది. ఇప్పటికీ అరటిపండు వలుస్తూంటే నాకా గది గుర్తుకొస్తుంది.

"మంచి జాయింటంటే ఏంటనుకున్నావ్ అమ్మడూ? హాల్లో వెయ్యిమంది కూచున్నా ఒక్కడికి కూడా తెలవకూడదు. తెలిసిందంటే అది అతుకు కాదు, గాటు" అనేవాడు.

ఇంతలో ఆ సినిమా వచ్చింది. నలుపు తెలుపు బొమ్మ. మొదటి పాటలో కథానాయిక తోటలో నడుస్తూ నడుస్తూ గిర్రున వెనక్కి తిరుగుతుంది. పైట విచ్చుకుంటుంది. అంతే, రెండు క్షణాలు. ఆ రెండు క్షణాలకి బెజవాడ ఆడవాళ్ళంతా పడిపోయారు. వారం తిరక్కుండా నాన్న దుకాణానికొచ్చి ఆ పాటలో చీర కావాలని అడగడం మొదలుపెట్టారు. ఆ చీరేమిటో నాన్నకి తెలిస్తే కదా. పాపం నాలుగుసార్లు సినిమాకి వెళ్ళాడు, పెన్సిలూ కాగితమూ పట్టుకుని. చీకట్లో ఏం గీస్తాడు? అంచు మీద ఉన్నవి చిలకలని ఒకరూ, మామిడిపిందెలని ఒకరూ వాదన. రంగు సంగతి చెప్పక్కర్లేదు. మా సందులోనే ఆరు రంగులు చెప్పారు. ఎవరి పెట్టెలో ఏ రంగు చీర లేదో ఆ రంగేనని వాళ్ళ పట్టు.

నాయనమ్మకి నిద్ర పట్టలేదు. నాలుగు మగ్గాలున్నాయి, కొనేవాళ్ళున్నారు, అంచు ఒక్కటీ కంటికి ఆనడం లేదు. ఒకరోజు నన్ను రాట్నం దగ్గరికి పిలిచి, మీ బాబాయినడిగి ఆ చీర కనిపించేచోట ఫిల్ము చిన్న ముక్క పట్టుకురమ్మంది. నాన్నకి చెప్పొద్దంది.

బాబాయి మూడు రోజులు కుదరదన్నాడు. అది తన సొత్తు కాదని, ప్రింటు తిరిగి వెళ్ళేటప్పుడు లెక్క అప్పజెప్పాలని నెమ్మదిగా చెప్పాడు. నాలుగోరోజు ఆదివారం. నాన్న మైలవరం వెళ్ళాడు, బాకీల వసూలుకో దేనికో. నేను ఫిడేలు పెట్టె తీసుకుని మెట్లెక్కి, ఏమీ అడక్కుండా ఆ పాట పల్లవి వాయించాను. ఎంత బాగా వాయించానో తెలియదు. రోజుకి మూడుసార్లు ఆ పాట తెర మీద వేసే మనిషి, ఎవరో తన ఎదురుగా నిలబడి తన కోసం వాయిస్తూంటే విన్నది మాత్రం అదే మొదలు. స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాడు. మళ్ళీ వాయించమన్నాడు. వాయించాను. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, మీ నాయనమ్మకి ఎంత కావాలి అన్నాడు.

నేను ఆలోచించనేలేదు. "గజం" అన్నాను.

మా ఇంట్లో ఏదడిగినా గజాల్లోనే అడుగుతాం మరి. పరికిణీకెంత అంటే మూడు గజాలు, గుమ్మానికి కట్టే తెరకెంత అంటే రెండు గజాలు. ఫిల్ములో నాలుగు బొమ్మలు చాలునని, అది బెత్తెడు కూడా ఉండదని నాకేం తెలుసు? బాబాయి పకపకా నవ్వాడు. తర్వాత నవ్వాపి, పాట నోటితో అనుకుంటూ కాలితో తాళం వేసి చూశాడు. బెత్తెడు కోస్తే తాళం దెబ్బతింటుంది, జనం పట్టేస్తారు, గజం అంటే సరిగ్గా నాలుగు దెబ్బలు, నువ్వడిగిందే లెక్కకొచ్చింది అన్నాడు. బల్ల మీద పరిచి, అటూ ఇటూ నాలుగైదుసార్లు జరిపి చూసుకుని కోశాడు. అతికించి పది లెక్కపెట్టాడు.

"పని కాగానే ఇచ్చెయ్ అమ్మడూ. ప్రింటు వెళ్ళేలోపు మళ్ళీ అతికిచ్చేస్తా" అన్నాడు.

ఆ మాట నాయనమ్మకి చెప్పడం మరిచిపోయాను. ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ భూతద్దం పట్టుకుని సిద్ధంగా ఉంది. ముక్కని ఎండకి పెట్టి చూసి మొహం మాడ్చుకుంది. అది నేత కానే కాదట, అద్దకమట. బట్ట మీద అచ్చు కొట్టి కెమెరా ముందు నిలబెట్టారని నానా మాటలూ అంది. వాళ్ళు నెయ్యకపోతే మనం నేస్తాం అని గళ్ళ కాగితం తీసి, పిందెలు ఎంత దూరానికొకటి ఉన్నాయో కొలుచుకుని, మిగతాదంతా తన సొంత బుర్రలోంచి గీసింది. రంగూ ఆవిడే తేల్చింది. చిలకపచ్చ చీర, వంగపండు రంగు అంచు. మర్నాడు నేను బడినుంచి వచ్చేసరికి ఆ ఫిల్ముని కత్తెరతో నాలుగు ముక్కలు చేసి కూర్చుంది. నాలుగు మగ్గాలకీ తలొకటి ఇస్తేగానీ తమ్ముడి కొడుకులు నమ్మరట.

అప్పుడు గుర్తొచ్చింది నాకు బాబాయి మాట. నాయనమ్మకి చెప్పలేదు. బాబాయికీ చెప్పలేదు. ఆయన రెండుసార్లు అడిగాడు. నాయనమ్మ దగ్గర భద్రంగా ఉందన్నాను.

చీర బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. సినిమాలో చీర చూసి, దుకాణంలో చీర చూసి, అచ్చం అదే అదే అని ఆడవాళ్ళు మురిసిపోయారు. ఆ చీర కట్టుకుని ఆ సినిమాకే వెళ్ళేవాళ్ళు. సంగతేమిటంటే, తెర మీద ఆ పైట విచ్చుకునే చోటు అప్పటికే లేదు. అమ్మాయి నడుస్తూ నడుస్తూ తిరగబోతుంది, ఇంతలో తిరిగేసి ఉంటుంది. ఒక్కరూ గమనించలేదు. వయొలిన్లు ఎత్తుకుని పైకి వెళ్ళిన చోట మధ్యలో ఇంకేదో వాయిద్యం వచ్చేది, అది పోయి నేరుగా చరణం ఎత్తుగడలోకి పడేది. మొదటి పదిహేను రోజులూ నేను ఆ వాయిద్యం విన్నాను. మిగతా ఎనభై అయిదు రోజులూ అది లేకుండా విన్నాను. రోజుకి మూడుసార్లు వింటే ఏది నిలుస్తుంది? వేణువో, వీణో కూడా గుర్తు లేకుండా పోయింది. చెయ్యి మాత్రం అతుకుతో సహా నేర్చేసుకుంది.

సినిమా ఎత్తేసిన మర్నాడు ప్రింటు సరిచూడ్డానికి పంపిణీదారుల మనిషి వచ్చాడు. ఫిల్ము అంచున అడుగడుక్కీ ఒక అంకె ఉంటుందని మాకెవరికీ తెలియదు. మూడంకెలు లేవు, అంటే మూడడుగులు. బాబాయి ఫిల్ము ముక్కలు బయట అమ్ముకుంటున్నాడని అనుమానం వచ్చి, ఆ మనిషీ హాలు మేనేజరూ కలిసి మా పెరట్లోకి వచ్చారు. గది వెతికారు. ట్రంకుపెట్టె బయటికి లాగి కుమ్మరిస్తే రెండు చొక్కాలు, ఒక పంచె, పిల్లాడి కోసం కొన్న గిలక బయటపడ్డాయి. గిలక చప్పుడు చేసుకుంటూ దొర్లి తులసికోట దగ్గర ఆగింది.

తెగిందండీ, పారేశాను అన్నాడు బాబాయి. తెగితే సరిగ్గా గజం ఎలా తెగుతుందని మేనేజరు అడిగాడు. బాబాయి వంగి చొక్కాలు ఏరి పెట్టెలో పెట్టుకున్నాడు. నా వంక చూడనైనా చూడలేదు. నేను వసారా గుంజని పట్టుకుని నిలబడ్డాను. నాయనమ్మ ఇంట్లో లేదు, ఆ చీరే ఇంకో రంగులో నేయించడానికి మంగళగిరి వెళ్ళింది.

నాన్న దుకాణం నుంచి పరుగున వచ్చాడు. ఈయన అలాంటి మనిషి కాదండీ, నేను హామీ అన్నాడు. తర్వాత నా దగ్గరికి వచ్చి, వంగి, నెమ్మదిగా అడిగాడు.

"అమ్మా, నువ్వు పైకి వెళుతుంటావు కదా. ఆ ముక్క సంగతి నీకేమన్నా తెలుసా?"

తెలుసంటే ఎలా తెచ్చావంటాడు. ఎలా తెచ్చానంటే ఆ పాట వాయించి తెచ్చాను. ఫిడేలు ఆ సాయంత్రమే మేష్టారింటికి వెళ్ళిపోతుంది. ఇంత లెక్కా ఒక్క క్షణంలో వేశాను. పదేళ్ళ పిల్లకి అంత లెక్క ఎలా వచ్చిందో! తెలియదని తల అడ్డంగా ఊపాను.

ఆ పూటే బాబాయి ఉద్యోగం పోయింది. మర్నాడు రిక్షాలో పెట్టె పెట్టుకుని వెళ్ళిపోతూంటే నేను బేళ్ళ వెనక దాక్కున్నాను. దూలానికి ఆ కొక్కెం అలాగే ఉండిపోయింది. 

నాయనమ్మ రెండు రోజులకి వచ్చింది. సంగతి విని, కాళ్ళయినా కడుక్కోకుండా హాలు మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ముక్కలు నేనే కత్తిరించాను, నన్ను పట్టుకెళ్ళండి అని గొడవ చేసింది. అప్పటికే వేరే ఆపరేటరు వచ్చేశాడు. ఇంటికొచ్చి నన్ను ఎదురుగా నిలబెట్టుకుంది. "మీ నాన్న అడిగినప్పుడు నువ్వక్కడే ఉన్నావా? ఉండి నోరెందుకు విప్పలేదే?" అంది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. కొట్టినా బావుండేది. నాన్నకి మాత్రం, అడిగింది తనేనని, తెచ్చింది తనేనని చెప్పింది. పిల్ల ప్రసక్తి రానివ్వలేదు. ఫిడేలు నా దగ్గరే ఉండిపోయింది. ఆ ఫిడేలుతోనే నేను ఇంత దూరం వచ్చాను. నా బతుకంతా ఆ తల ఊపడం మీదే నడిచిందని ఒక్కోసారి అనిపిస్తుంది. అనిపించిన రోజు చాలా అసహ్యంగా ఉంటుంది.

బాబాయికి మైలవరంలో ఒక చిన్న హాల్లో పని దొరికిందని కొన్నాళ్ళకి తెలిసింది. నాయనమ్మ ఆ చీరల్లో మొట్టమొదట నేసిన దాన్ని అమ్మకుండా దాచింది. అది పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, బస్సెక్కింది. ఫిడేలు కూడా తీసుకురమ్మంది, ఎందుకో చెప్పలేదు. ఒకే గది ఇల్లు. పిల్లాడు పాకుతున్నాడు. నాయనమ్మ చీర ఆయన భార్య చేతిలో పెట్టి, నావల్ల తప్పు జరిగిందయ్యా అని నేరుగా అనేసింది. పెద్దావిడ అంత మాటన్నా నా నోరు లేవలేదు. బాబాయి మాత్రం ఏమీ జరగనట్టు, ఉల్లిపాయ పకోడీలు తెప్పించి, ఫిడేలు తెచ్చావుగా అమ్మడూ, ఆ పాట వాయించు అన్నాడు.

వాయించాను. పైకి వెళ్ళి, అతుకు దాటి, చరణంలోకి దిగాను. బాబాయి కళ్ళు మూసుకుని కాలితో తాళం వేస్తున్నాడు. ఆ చోటు దాటాక కళ్ళు తెరిచి నవ్వాడు.

"జాయింటు తెలవట్లేదమ్మడూ" అన్నాడు.

అంతకంటే పెద్ద మెప్పు నాకు ఆ తర్వాత ఏ సభలోనూ దొరకలేదు. బస్సు వచ్చేస్తోందని లేచాం. గుమ్మం దాకా వచ్చాడు. అప్పుడైనా అనొచ్చు, బాబాయ్, నేను చెప్పాల్సింది అని. అనలేదు. తర్వాత ఎప్పుడన్నా వచ్చి చెబుదామనుకున్నాను. ఆ తర్వాత ఆయన మైలవరం నుంచి ఎటో వెళ్ళిపోయాడు. నాకూ కచేరీలు, పెళ్ళి, పిల్లలు. మళ్ళీ చూడలేదు.

"టీచరుగారూ, మూడు కాలాలూ అయిపోయినయ్యండీ" అని పిల్ల వంటింటి గుమ్మంలోకి వచ్చింది. పాలు అలాగే ఉన్నాయి. సరే, పెట్టు, విందాం అన్నాను.

అరచేతంత తెర మీద ఆ తోట వచ్చింది. వయొలిన్లు పైకి ఎక్కాయి. నా వేళ్ళు కొంగు మీద అప్పుడే చరణంలోకి దిగిపోయాయి. పాట దిగలేదు. వయొలిన్లన్నీ ఆగిపోయాయి, ఒక్క వేణువు మాత్రం మోగింది. నాలుగు దెబ్బలు, అంతే. అమ్మాయి గిర్రున తిరిగింది, పైట విచ్చుకుంది. నాయనమ్మ చెప్పింది నిజం, అది అద్దకమే. పిందెలు కూడా వంకరగా ఉన్నాయి. ఆవిడ నేయించిందే వందరెట్లు బావుంది.

మూడుసార్లు పెట్టించుకున్నాను. మూడోసారికి కళ్ళద్దాలు తీసెయ్యాల్సి వచ్చింది. పిల్ల కంగారు పడి ఫోను ఆపేసింది.

ఇకమీదట ఎలా వాయించమంటారండీ అని అడిగింది. నువ్వు నిండుగా వాయించు, ఆ వేణువు వచ్చేచోట ఆగి విను అన్నాను. మరి మీరు అంది. నేను ఎప్పటిలాగే వాయిస్తానన్నాను. ఆ అతుకు వేసిన మనిషి పనితనం ఇంకెక్కడా మిగల్లేదు, నా చేతిలో తప్ప.

పిల్లకి అర్థం కాలేదు. ఫోను తిప్పి తిప్పి చూస్తోంది.

"అయితే మీరు విన్నప్పుడు ఈ ముక్క లేదా అండీ? ఎవరు కోసేశారు?"

తెలియదని తల ఊపితే సరిపోయేది. పిల్ల నమ్మేది కూడా.

"నేనేనమ్మా" అన్నాను. "నేనే కోయించాను. గజం కావాలని అడిగి మరీ కోయించాను."

పిల్ల నవ్వింది, నేను సరదాకి అన్నాననుకుని. చాప మీద కూర్చోబెట్టుకుని మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను. నాన్న పెరట్లో వంగి అడిగిన మాటకి నేను జవాబు చెప్పడం అదే మొదటిసారి.